యురేనస్: వింత గ్రహానిదా, మన చూపుదా?

1986 జనవరి 24న నాసా నౌక వాయేజర్ 2 యురేనస్ పక్కనుంచి దూసుకుపోయింది. మేఘాలకి 81,500 కిలోమీటర్ల దూరంలో, ఆగకుండా, చూసినంత చూసి నెప్ట్యూన్ దారి పట్టింది. ఆ తర్వాత ఈ 40 ఏళ్లలో అటువైపు ఇంకో నౌక వెళ్లలేదు. గురుగ్రహం చుట్టూ గెలీలియో, జూనో ఏళ్ల తరబడి తిరిగాయి. శని దగ్గర కసీని 13 ఏళ్లు ఉంది. యురేనస్‌కి దక్కింది ఆ ఒక్క పలకరింపే.

అయినా యురేనస్ గురించి మన పుస్తకాల్లో రాసేవి చాలా ధీమాగా ఉంటాయి. పక్కకి ఒరిగి తిరిగే గ్రహం. అయస్కాంత ధ్రువాలు ఉండాల్సిన చోట లేని గ్రహం. లోపల వేడి చచ్చిపోయిన గ్రహం. ముఖం మీద ఒక్క మచ్చ కూడా లేని బోసి గ్రహం. ఇవన్నీ కలిపి సౌర కుటుంబంలో అన్నిటికంటే విచిత్రమైన గ్రహంగా దానికి పేరు పడింది. గత కొన్నేళ్లుగా వస్తున్న పరిశోధనలు చూస్తుంటే నాకు అనిపించేది ఏంటంటే, ఈ జాబితాలో కొన్ని నిజంగా ఆ గ్రహానివి, కొన్ని మాత్రం మనం వెళ్లిన రోజువి. వాటిని విడదీసి చూడకపోతే యురేనస్ అర్థం కాదు.

ముందు గ్రహం సంగతి. యురేనస్ సూర్యుడికి సగటున 287 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సూర్యకాంతి అక్కడికి చేరడానికి 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. మనకి పడే ఎండలో దాదాపు 370వ వంతు మాత్రమే అక్కడ పడుతుంది. అడ్డంగా కొలిస్తే భూమికి నాలుగింతలు, బరువులో 14.5 రెట్లు. సూర్యుడి చుట్టూ ఒక్క ప్రదక్షిణకి 84 ఏళ్లు. విలియం హెర్షెల్ అనే సంగీతకారుడు ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో, తన ఇంటి పెరట్లో, తను స్వయంగా చేసుకున్న టెలిస్కోప్‌తో దీన్ని 1781 మార్చి 13న చూశాడు. మొదట తోకచుక్క అనుకున్నాడు. అంతకుముందు 1690లోనే జాన్ ఫ్లామ్‌స్టీడ్ అనే ఇంగ్లండ్ ఖగోళవేత్త దీన్ని చూసి మామూలు నక్షత్రం అనుకుని పట్టికలో రాసేసుకున్నాడు. హెర్షెల్ చూసిన నాటినుంచి నేటివరకు యురేనస్ సూర్యుడి చుట్టూ మూడు చుట్లు కూడా పూర్తి చేయలేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, దీని అవసరం ముందు ముందు చాలా ఉంది.

ఇక ఆ ఒరుగుడు. భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉంటుంది, మనకి రుతువులు వచ్చేది అందుకే. యురేనస్ అక్షం వంపు 97.8 డిగ్రీలు. అంటే దాని ధ్రువాలు పైకీ కిందకీ కాకుండా దాదాపు కక్ష్య తలంలోనే పడి ఉంటాయి. ఇది మన చూపు వల్ల వచ్చిన వింత కాదు, అచ్చంగా గ్రహానిదే. వాయేజర్ కంటే ఎంతో ముందే ఇది తెలుసు. హెర్షెల్ 1787లో కనిపెట్టిన రెండు చందమామలు, టైటానియా, ఓబెరాన్, గ్రహాల కక్ష్యా తలానికి దాదాపు నిలువుగా తిరుగుతుండటం చూసే ఖగోళవేత్తలు గ్రహం కూడా ఒరిగి ఉంటుందని ఊహించారు.

దీనివల్ల అక్కడి రుతువులు మన ఊహకి అందవు. ధ్రువం దగ్గర నిలబడితే 42 ఏళ్లు పగలు, 42 ఏళ్లు రాత్రి. నడి వేసవిలో ఒక ధ్రువం నేరుగా సూర్యుడి వైపు చూస్తుంది, రెండోది పూర్తిగా చీకట్లో ఉంటుంది. ఆ కాలంలో గ్రహం తన చుట్టూ తాను ఎంత తిరిగినా ఉదయం, సాయంత్రం అనేవి చాలా ప్రాంతాలకి ఉండవు. ఏడాది మొత్తం మీద లెక్కేస్తే మధ్యరేఖ దగ్గర కంటే ధ్రువాల దగ్గరే ఎక్కువ ఎండ పడుతుంది. అయినా వాయేజర్ కొలిచినప్పుడు ధ్రువానికీ మధ్యరేఖకీ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా కనిపించలేదు.

ఎందుకు ఒరిగింది అన్నదానికి ఎక్కువమంది చెప్పే సమాధానం ఢీకొట్టడం. సౌర కుటుంబం పుట్టిన తొలినాళ్లలో భూమి కంటే బరువైన ఏదో పిండగ్రహం, అంటే ఇంకా పూర్తిగా తయారవని గ్రహం, వచ్చి యురేనస్‌ని గుద్దింది, ఆ దెబ్బకి పక్కకి ఒరిగిపోయింది అంటారు. ఇంగ్లండ్‌లోని డరమ్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో కంప్యూటర్ల మీద ఇలాంటి ఢీలని చాలా రకాలుగా నడిపి చూశారు. భూమి కంటే బరువైనది గుద్దితే సరిపోతుందని తేలింది. కథ బాగుంది. చిక్కంతా చందమామలతో వచ్చింది. అవి ఒరిగిన గ్రహం మధ్యరేఖ మీదుగానే, గ్రహం తిరిగే దిశలోనే తిరుగుతున్నాయి. గ్రహం ఒక్కసారిగా పడిపోయి ఉంటే అప్పటికే ఉన్న చందమామలు పాత తలంలోనే ఉండిపోవాలి కదా? చందమామలు ఇంకా పుట్టక, వాటికి ముడిసరుకైన ధూళిపళ్లెం మాత్రమే ఉండి ఉంటే అది మెల్లగా సర్దుకుని కొత్త మధ్యరేఖ మీదికి వస్తుంది. కానీ నిటారుగా ఉన్న గ్రహాన్ని ఒకే దెబ్బకి 98 డిగ్రీలు తిప్పితే ఆ పళ్లెం గ్రహానికి ఎదురు దిశలో తిరుగుతూ మిగులుతుంది. అందుకని అలెస్సాండ్రో మోర్బిడెల్లి బృందం 2012లో ఒక దెబ్బ చాలదు, కనీసం రెండు తగిలి ఉండాలని వాదించింది. ఢీలూ గీలూ ఏమీ వద్దు, ఒకప్పుడు ఒక పెద్ద చందమామ గ్రహానికి దూరం జరుగుతూ జరుగుతూ కోట్ల ఏళ్లలో అక్షాన్ని మెల్లగా ఒరగదీసి ఉంటుంది అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే రెండు దెబ్బల కథ కంటే ఈ మెల్లగా ఒరిగిన కథే కాస్త నమ్మబుద్ధేస్తుంది. అయితే ఆ పెద్ద చందమామ ఇప్పుడెక్కడ అంటే, గ్రహంలోనే పడిపోయి ఉంటుందని జవాబు. సాక్షి కూడా మాయమైపోయే కథ అన్నమాట.

ఈ ఒరుగుడు వాయేజర్‌కి ఒక ఇబ్బంది తెచ్చిపెట్టింది. 1986 నాటికి యురేనస్ దక్షిణ ధ్రువం సూర్యుడి వైపు తిరిగి ఉంది. లోపలి గ్రహాల నుంచి వెళ్లే నౌకకి గ్రహం ముఖాముఖిగా, చందమామల కక్ష్యలన్నీ దాని చుట్టూ వృత్తాలుగా కనిపించాయి. గురుడి దగ్గరో శని దగ్గరో అయితే నౌక ఒక్కో చందమామనీ వరసగా దాటుకుంటూ పోవచ్చు. ఇక్కడ ఆ వృత్తాల గుండా గుచ్చుకుని అవతలికి పోవడమే. అన్నిటికీ దగ్గరి చూపు ఒకేసారి వచ్చింది, సుమారు ఆరు గంటల్లో ముగిసింది. గ్రహం మీదా, చందమామల మీదా ఎండ పడుతున్న దక్షిణ సగమే కెమెరాకి దొరికింది. ఉత్తర సగాలు చీకట్లో ఉన్నాయి. ఇప్పటికీ ఆ చందమామల ఉత్తర భాగాల మ్యాపులు చాలావరకు ఖాళీయే.

కెమెరా పంపిన బొమ్మలు చూసి చాలామంది నిరాశపడ్డారు. గురుడి మీద ఉండే పట్టీలు, పెద్ద ఎర్ర మచ్చ లాంటివేమీ లేవు. లేత నీలిపచ్చ రంగులో నున్నటి బంతి. బాగా వెతికితే ఒక పది మేఘాలు దొరికాయి. అంతే, యురేనస్ అంటే ఏమీ జరగని చోటు అని ముద్ర పడిపోయింది. కానీ అది నడి వేసవి. 84 ఏళ్ల సంవత్సరంలో ఒక రుతువులో ఒక రోజు చూసి వేసిన ముద్ర అది. 2007లో విషువత్తు వచ్చి, సూర్యుడు గ్రహం మధ్యరేఖ మీదికి చేరే సమయానికి కథ మారిపోయింది. 2006లో హబుల్ టెలిస్కోప్‌కి అక్కడ ఒక నల్ల మచ్చ కనిపించింది. 2014లో హవాయిలోని కెక్ టెలిస్కోప్‌తో చూస్తే పెద్ద పెద్ద తుపానులు లేస్తున్నాయి. గాలులు గంటకి 900 కిలోమీటర్ల వేగం దాకా వీస్తాయి. ఇప్పుడు ఉత్తర ధ్రువం ఎండలోకి వచ్చింది, దాని మీద తెల్లటి టోపీలా ఒక మబ్బుతెర ఏర్పడింది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 2023లో తీసిన బొమ్మల్లో అది స్పష్టంగా కనిపిస్తుంది.

రంగు సంగతీ అంతే. యురేనస్ లేత పచ్చ, నెప్ట్యూన్ ముదురు నీలం అని మనందరి మనసుల్లో నాటుకుపోయింది. నిజానికి వాయేజర్ తీసిన నెప్ట్యూన్ బొమ్మల్లో మేఘాలు బాగా కనపడాలని రంగు గాఢత పెంచారు. ఆ మాట అప్పట్లో బొమ్మల కింద రాశారు కూడా. బొమ్మలు ఊరంతా తిరిగాయి, కింది మాట రాలిపోయింది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన పాట్రిక్ ఇర్విన్ బృందం 2024లో లెక్కలన్నీ సరిచేసి చూపిస్తే రెండు గ్రహాలూ దాదాపు ఒకటే రంగు. నెప్ట్యూన్ ఒక్క పిసరు ఎక్కువ నీలం, అంతే. రెండిట్లోనూ మీథేన్ వాయువు ఎర్ర కాంతిని మింగేస్తుంది, మిగిలింది మన కంటికి నీలిపచ్చగా కనిపిస్తుంది. అన్నట్టు అందమైన ఈ మేఘాల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందని ఇదే ఇర్విన్ బృందం 2018లో తేల్చింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది దానివల్లే.

వేడి విషయం ఇంతకంటే లోతైనది. గురుడు, శని, నెప్ట్యూన్ మూడూ సూర్యుడి నుంచి తీసుకునే దానికంటే చాలా ఎక్కువ వేడిని బయటికి వదులుతాయి. పుట్టినప్పటి వేడి ఇంకా లోపల ఉంది, అది మెల్లగా బయటికి వస్తోంది. నెప్ట్యూన్ అయితే తనకి అందే దానికి 2.6 రెట్లు వదులుతుంది. యురేనస్ కంటే ఎంతో దూరంలో ఉండి, దానికి అందే ఎండలో సగం కూడా అందకపోయినా రెండిటి చలీ దాదాపు సమానం, కారణం ఈ లోపలి వేడే. యురేనస్ దగ్గర వాయేజర్ కొలిచింది మాత్రం తీసుకున్నంతే వదులుతోందని. కాస్త తేడా ఉన్నా అది కొలతలో పొరపాటుకి ఉంచిన అవకాశం లోపలే ఉంది. వాతావరణం పైపొరల్లో అతి చల్లని చోట మైనస్ 224 డిగ్రీల సెల్సియస్. నెప్ట్యూన్ కూడా అంత చల్లబడదు.

దీన్ని వివరించడానికి చాలా కథలు పుట్టాయి. పాత గుద్దుడులోనే లోపలి వేడంతా బయటికి చిమ్మిపోయిందన్నారు. లేదు, వేడి ఉంది గానీ లోపలి పొరలు ఒకదాంట్లో ఒకటి కలవకుండా మూతపెట్టినట్టు ఆపేస్తున్నాయన్నారు. 2025లో రెండు వేర్వేరు బృందాలు, ఒకటి ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకొకటి హ్యూస్టన్‌లో, ఏళ్ల తరబడి సేకరించిన కొలతలన్నీ పోగేసి లెక్క మళ్లీ వేశాయి. రుతువుతో పాటు యురేనస్ మీంచి వెనక్కి తిరిగిపోయే కాంతి మారుతుంది, ఒక్క 1986 కొలతతో 84 ఏళ్ల లెక్క తేల్చకూడదు అన్నది వాళ్ల మాట. కొత్త లెక్క ప్రకారం యురేనస్ తనకి అందే దానికంటే సుమారు 12 నుంచి 15 శాతం ఎక్కువ వేడి వదులుతోంది. అంటే లోపల నిప్పు ఆరిపోలేదు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నెప్ట్యూన్‌తో పోలిస్తే ఇది ఇప్పటికీ చాలా తక్కువ. వింత తగ్గింది, పోలేదు. ‘యురేనస్ రహస్యం వీడింది’ అని హెడ్డింగులు పెట్టినవాళ్లు కాస్త తొందరపడ్డారు.

అయస్కాంతం విషయంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి, వాటిని కలిపేస్తేనే తికమక. మొదటిది, గ్రహం లోపల ఆ అయస్కాంత క్షేత్రం ఎలా పుడుతోంది? యురేనస్ అయస్కాంత అక్షం, అది తిరిగే అక్షానికి 59 డిగ్రీలు పక్కకి ఉంది. పైగా గ్రహం మధ్యలోంచి కాకుండా వ్యాసార్ధంలో మూడో వంతు పక్కకి జరిగి ఉంది. 1986లో దీన్ని చూసి, గ్రహం పక్కకి పడిపోవడం వల్లే ఇదంతా అని కొందరు, ఉత్తర దక్షిణ ధ్రువాలు తారుమారయ్యే సమయంలో మనం వెళ్లామేమో అని కొందరు అన్నారు. 1989లో వాయేజర్ నెప్ట్యూన్ చేరాక రెండు వాదనలూ చాలా బలహీనపడ్డాయి. నెప్ట్యూన్ బుద్ధిగా 28 డిగ్రీలే వంగి ఉంది, అయినా దాని అయస్కాంతం కూడా 47 డిగ్రీలు పక్కకే ఉంది. రెండు గ్రహాలూ ఒకే సమయంలో తారుమారు అవుతుండగా మనం వెళ్లామని ఎవరు నమ్ముతారు? కాబట్టి కారణం ఒరుగుడులో లేదు, లోపలి పదార్థంలో ఉంది.

వీటిని మంచు దిగ్గజాలు అంటారు గానీ లోపల మనకి తెలిసిన మంచు ఏమీ లేదు. నీరు, అమ్మోనియా, మీథేన్ వేల డిగ్రీల వేడిలో, ఊహించలేని ఒత్తిడిలో చిక్కటి ద్రవంలా ఉంటాయి. ఆ స్థితిలో నీరు కరెంటుని ప్రవహింపజేస్తుంది. భూమిలో అయితే ఇనుము ద్రవం లోతున, కేంద్రం చుట్టూ కదిలి అయస్కాంతాన్ని పుట్టిస్తుంది. యురేనస్‌లో ఆ పని పైభాగానికి దగ్గరగా ఉన్న ఒక పలుచని పొరలో జరుగుతోందని, అందుకే క్షేత్రం ఇంత అడ్డదిడ్డంగా ఉందని సబీన్ స్టాన్లీ, జెరెమీ బ్లాక్స్‌హామ్ 2004లో చూపించారు. ఆ పొర కింద ఏముంది అన్నది ఇంకా తగవే. నీరు ఎక్కువా, రాయి ఎక్కువా అన్నది గురుత్వాకర్షణ కొలతలు ఒక్కటే తేల్చలేవు. రెండు రకాల మిశ్రమాలూ ఆ కొలతలకి సరిపోతాయి.

రెండో ప్రశ్న ఆ క్షేత్రం అంతరిక్షంలో అల్లుకున్న కవచం గురించి. వాయేజర్ వెళ్లినప్పుడు అందులో రేడియేషన్ పట్టీలు (క్షేత్రంలో చిక్కుకుని విపరీతమైన వేగంతో తిరిగే కణాల పట్టీలు) చాలా తీవ్రంగా ఉన్నాయి, కానీ వాటికి మేత వేయాల్సిన ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న కణాల వాయువు, దాదాపు లేదు. పైగా చందమామల నుంచి ఊడివచ్చే నీటి అయాన్ల జాడ కూడా లేదు. దాంతో చందమామలన్నీ గడ్డకట్టిన జడ పదార్థాలని అనుకున్నారు. జేమీ జాసిన్‌స్కీ అనే నాసా శాస్త్రవేత్త బృందం 2024లో ఆ 38 ఏళ్ల పాత డేటాని మళ్లీ తవ్వింది. వాయేజర్ చేరడానికి కొద్ది రోజుల ముందు సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం, విసురుగా వచ్చి ఆ కవచాన్ని బాగా నొక్కేసింది. లోపలి ప్లాస్మా బయటికి నెట్టుకుపోయింది, పట్టీల్లోకి ఎలక్ట్రాన్లు కుక్కుకున్నాయి. అలాంటి పరిస్థితి మొత్తం సమయంలో 4 శాతం మాత్రమే ఉంటుందట. తుపాను దాటిన మర్నాడు ఒక ఊరికి వెళ్లి, ఆ ఊళ్లో చెట్లు ఉండవని రాసుకున్నట్టయింది మన పని. వారం ముందు వెళ్లి ఉంటే పాఠ్యపుస్తకాల్లో ఇంకో యురేనస్ ఉండేది.

చందమామలు జడం అన్న మాటకి ఆధారం దాంతో సడలిపోయింది. టైటానియా, ఓబెరాన్ లాంటి పెద్దవాటిలో మంచు కింద నీటి సముద్రాలు ఉండే అవకాశం మళ్లీ చర్చకి వచ్చింది. ఇక మిరాండా. అడ్డంగా 472 కిలోమీటర్లు మాత్రమే ఉన్న ఆ చిన్న చందమామ మీద వెరోనా రూపెస్ అనే కొండ అంచు సుమారు 20 కిలోమీటర్ల ఎత్తు ఉంటుంది. ఎవరెస్టుకి రెట్టింపు దాటి. గురుత్వం ఎంత తక్కువంటే పైనుంచి రాయి వదిలితే కిందపడటానికి నిమిషాలు పడుతుంది.

గ్రహం రోజు ఎంత అన్న చిన్న ప్రశ్న కూడా ఒక్క విజిట్‌కి బలైంది. వాయేజర్ రేడియో సంకేతాల నుంచి 17 గంటల 14 నిమిషాల 24 సెకన్లు అని లెక్కగట్టారు. హబుల్ 2011 నుంచి 2022 దాకా చూసిన ధ్రువ కాంతుల్ని అనుసరించి 2025లో లారెంట్ లామీ బృందం దాన్ని 28 సెకన్లు పెంచింది. 28 సెకన్లే కదా అనుకోవద్దు. యురేనస్ రోజుకి అంత తప్పయితే మన ఏడాదికి దాదాపు 4 గంటలు తప్పుతుంది. వాయేజర్ వచ్చిన కొద్ది ఏళ్లకే యురేనస్ మీద ఏ రేఖాంశం ఎటు ఉందో, అయస్కాంత ధ్రువం ఏ వైపు తిరిగి ఉందో ఎవరికీ తెలియకుండా పోయింది.

వలయాలు మాత్రం వాయేజర్ పుణ్యం కాదు, వాటిలో మన వాటా కూడా కొంత ఉంది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డు వస్తుందని ముందే లెక్క ఉంది. అమెరికా నుంచి జేమ్స్ ఎలియట్ బృందం విమానంలో అమర్చిన టెలిస్కోప్‌తో హిందూ మహాసముద్రం మీద ఎగురుతూ చూసింది. గ్రహం అడ్డు రాకముందే నక్షత్రం అయిదుసార్లు మినుకుమంది, గ్రహం దాటాక అవతలి వైపు మళ్లీ అలాగే అయిదుసార్లు. అంటే సన్నటి వలయాలు ఉన్నాయి. అదే రాత్రి తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో ఒక మీటరు టెలిస్కోప్‌తో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి కూడా ఈ మినుకుని పట్టారు. మొదట కొత్త ఉపగ్రహం అనుకున్నారు. తర్వాత రికార్డుని మళ్లీ పరిశీలించి, భట్టాచార్యతో కలిసి వైను బప్పు అదే ఏడాది వలయాల గురించి నేచర్ పత్రికలో రాశారు. కావలూరు కేంద్రాన్ని కట్టిన ఈ బప్పు హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివినవాడు. వాళ్ల నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. ఇప్పటికి 13 వలయాలు తెలుసు. శని వలయాల్లా మెరిసేవి కావు, బొగ్గంత నలుపు. అందుకే నక్షత్రం సాయం లేకుండా వాటిని మొదట పట్టడం ఎవరివల్లా కాలేదు.

ఇవన్నీ తేలాలంటే దగ్గర ఉండి ఏళ్ల తరబడి చూసే నౌక కావాలి. అమెరికా గ్రహ శాస్త్రవేత్తలు పదేళ్లకోసారి తయారుచేసే ప్రాధాన్యాల నివేదికలో 2022లో యురేనస్ నౌకకే పెద్ద మిషన్లలో మొదటి స్థానం ఇచ్చారు. గ్రహం చుట్టూ తిరిగే ఆర్బిటర్ ఒకటి, మేఘాల్లోకి దిగి వాయువుల్ని, ఉష్ణోగ్రతని నేరుగా కొలిచే ప్రోబ్ ఒకటి. 2031, 2032లో ప్రయోగిస్తే గురుడి గురుత్వం ఊపు దొరికి 12, 13 ఏళ్లలో చేరుతుందని లెక్క. అయితే నౌకకి కరెంటు ఇవ్వాల్సిన ప్లుటోనియం కొరత ఉంది, డబ్బు ఇబ్బంది ఉంది. ఆ తేదీలు దాటిపోయేలా ఉన్నాయి. గురుడి సాయం తప్పినా వేరే దారుల్లో వెళ్లొచ్చు, ప్రయాణం మాత్రం ఇంకొన్నేళ్లు పెరుగుతుంది. అలా పెరుగుతూ పోతే ఎదురయ్యేది 2050 ప్రాంతంలో వచ్చే విషువత్తు. ఇప్పుడు ఎండలో ఉన్నవి ఉత్తర భాగాలు, వాయేజర్ అసలు చూడనివి. ఆ విషువత్తు దాటాక అవి మళ్లీ మెల్లగా చీకట్లోకి వెళ్లిపోతాయి. 1986లో చూసిన దక్షిణ భాగాలే మళ్లీ ఎండలోకి వస్తాయి. బాగా ఆలస్యంగా చేరిన నౌక కెమెరాకి దొరికేవి మళ్లీ అవే.